ఏ పొర, అల్లుడా?

మొగిలి చేసిన తప్పు ఎంతదయ్యా అంటే, ఒక్క మాటంత. అది తిట్టు కాదు, శాపం కాదు, పట్టి చూస్తే అబద్ధం కూడా కాదు. "సూద్దాం" అన్నాడు, అంతే. పొద్దున లేస్తే మనమంతా అనే మాటే. కానీ మనం అనేసి మరిచిపోయిన మాటను ఎదుటివాళ్ళు అక్కడే వదిలేసి పోతారని ఏముంది? కొందరు దాన్ని కొంగున ముడేసుకుంటారు.

అలా ముడేసుకున్నది ఓదెమ్మ. మొగిలికి మేనత్త. మొగిలిది చిట్యాల. ఊహ తెలియక ముందే తల్లి పోతే, తండ్రి వాణ్ణి భుజానేసుకుని వచ్చి జఫర్‌గఢ్‌లో అక్క ఇంట దింపిపోయాడు. ఓదెమ్మకు పిల్లల్లేరు. దేవుడు ఇయ్యనిది తమ్ముడు ఇచ్చిండని ఊరంతా చెప్పుకుంది. వాడికి నువ్వులుండ పెట్టి, నెత్తికి నూనె రాసి, జనగామ బడికి పంపింది. "అల్లుడా" అన్న పిలుపు తప్ప ఆమె నోట వాడికి ఇంకో పేరు లేదు.

అరవై తొమ్మిదిలో బళ్ళు మూతపడ్డాయి. తెలంగాణ కావాలని పిల్లలంతా రోడ్ల మీదికి వచ్చారు. మొగిలి కూడా జనగామ ఊరేగింపులో దూరాడు. లాఠీ దెబ్బకు నుదురు చిట్లి, పడుతూ లేస్తూ ఇల్లు చేరాడు. ఓదెమ్మ ఏడవలేదు, తిట్టలేదు. గాయంలో పసుపు దట్టించి, పాత చీర పేలిక చుట్టి, వాణ్ణి అటకెక్కించింది. వెనకే జీపు వచ్చింది. గడపకు అడ్డంగా నిలబడి పోలీసుతో అన్న మాట అటక మీద మిరపకాయల బస్తాల నడుమ నక్కిన మొగిలికి స్పష్టంగా వినబడింది.

"మా ఇంట్ల పోరగాండ్లు ఎవ్వలు లేరు సారూ. ఉంటే నా రెండు కండ్లు పోను!"

కండ్ల మీద ఒట్టంటే ఊళ్ళో ఆషామాషీ ఒట్టు కాదు. మనిషి తన చూపును తీసుకెళ్ళి కుదువ పెట్టినట్టే. పోలీసుకూ ఆ సంగతి తెలుసు. ఆయన ఇంకో మాట మాట్లాడకుండా వెనక్కి తిరిగాడు. పిల్లవాడు దక్కాడు, చదువు దక్కింది. మొగిలి పైకి పైకి పోయి, హైదరాబాదులో పెద్ద పరిశోధనశాలలో చేరి, పేరు ముందు డాక్టరు అనిపించుకున్నాడు. సూది పట్టని డాక్టరు, మందు రాయని డాక్టరు. ఆ తేడా ఊరికి ఎవరు చెప్పాలి? చెప్పాల్సినవాడికే ఆ పిలుపు తియ్యగా ఉండె.

ఎనభై మూడులో, వానలు వెనకబట్టాక మొగిలి అత్తను చూడడానికి వచ్చాడు. అరుగు మీద నలుగురు చేరారు. ఓదెమ్మ ఓ పక్కన కూర్చుని పల్లికాయ ఒలుస్తోంది. ఆమె మరిది లస్మయ్య, నోట్లో నువ్వుగింజ నానని మనిషి, బీడీ వెలిగించి అడిగాడు.

"ఇంతకు ఏం నౌకరిరా మొగిలీ నీది? దవాఖానల కూసోవు, బడిల చెప్పవు. ఎలుకలకు సూదులు గుచ్చుతవా ఏంది?"

అరుగంతా ఘొల్లున నవ్వింది. మొగిలికి తల కొట్టేసినట్టయింది. హైదరాబాదులో వాడి యాసను వెక్కిరించే వాళ్ళు ఉండనే ఉన్నారు, కోస్తా నుంచి వచ్చిన వాడి పెద్ద సారు సహా. సొంత ఊళ్ళో కూడా ఇదేనా అని రోషం వచ్చింది. తన పని ఏమిటో చెప్పి తీరాలనుకున్నాడు. పుస్తకాల్లో దాన్ని కణత్వచం అంటారు. త్వచం అంటే ఈ అరుగు మీద ఎవరికి తెలుస్తుంది? మన మాటలో చెప్తానని, పొర అన్నాడు. ఆ త్వచమే అని ఉంటే ఏ గొడవా ఉండేది కాదు! ఒక్క ముక్కా అర్థం కాక, పిల్లాడు బాగా చదువుకున్నాడని తలలూపి ఇళ్ళకు పోయేవాళ్ళు.

"నెత్తుటి బొట్టుల లచ్చల కొద్ది కణాలుంటయి మామా. ఒక్కోదాని సుట్టు సన్నటి పొర ఉంటది, కొవ్వుతోని చేసింది. నేను గా పొర మీద పని చేస్త. ముందుగాల దాన్ని మెరిసేటట్టు చేస్త. అటెన్క దాని మీద గట్టి ఎలుగు కొడ్త. కొట్టిన కాడ చీకటి మచ్చ పడ్తది. జరసేపైతే సుట్టున్నయి జరిగొచ్చి, గా చీకటి దానంతటదే పోయి, మళ్ళ ఎలుగు నిండుతది."

నవ్వులు ఆగిపోయాయి. లస్మయ్య బీడీ చల్లారింది. మొగిలి తన తెలివికే వీళ్ళు నోరు తెరిచారనుకుని పొంగిపోయాడు. ఓదెమ్మ పల్లికాయ చేటను పక్కకు జరిపింది.

"కత్తి పెట్టేది లేదా అల్లుడా?"

"కత్తెక్కడిది అత్తా. అంతా ఎలుగే."

"గట్లయితే నాకు సుత పెట్టరాదు? ఎడమ కంట్ల పొర కమ్మి ఏడాదాయె. మసక మసక కొడ్తాంది."

అప్పుడు అర్థమైంది మొగిలికి. వాళ్ళు విన్నది కణం కాదు, కొవ్వు కాదు. పొర, వెలుగు, చీకటి పోవడం. ఆ అరుగు మీద సగంమంది కళ్ళలో పొరలు ఉన్నాయి. మందు చుక్కలు పనిచెయ్యవు, కత్తంటే ప్రాణం పోతుంది. అదే వాడలో కట్టమ్మ కన్నును ఊళ్ళు తిరిగే వాడొకడు సూదితో గెలికి, ఉన్న చూపు కాస్తా మూటగట్టుకు పోయాడు మరి. వాళ్ళకు కత్తి లేని వెలుగు దొరికింది.

ఒక్క మాటతో సరిచెయ్యొచ్చు. "గా పొర వేరు అత్తా, నేను కండ్ల డాక్టర్ను కాదు" అంటే తీరిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఇందాక ఎలుకలని ఎగతాళి చేసిన లస్మయ్యే లేచి, తువాలుతో అరుగు దులిపి, "జర ఈడ మంచిగ కూసో మొగిలీ" అన్నాడు. మొగిలి మంచిగా కూర్చున్నాడు. ఇంతలో మలుపు దగ్గర బస్సు హారను కొట్టింది.

"సూద్దాం అత్తా" అని సంచి అందుకున్నాడు.

బస్సు జనగామ దాటకముందే వచ్చేసారి చెప్పేస్తాను, దానిదేముంది అనుకున్నాడు. ఆ దానిదేముంది అన్నదే మనిషిని ముంచేది.

హైదరాబాదులో పనిలో పడ్డాడు. పని అట్లాంటిది. తన వేలినే పొడుచుకుని నెత్తురు తీస్తాడు. పలచటి ఉప్పునీళ్ళలో కడిగితే ఎరుపంతా పోయి ఖాళీ సంచుల్లాంటి పొరలు మిగులుతాయి. ల్యాబులో వాటిని దయ్యాలంటారు. ఆ దయ్యాలకు మెరిసే కొవ్వు కాస్త పట్టించి, చీకటి గదిలో సూక్ష్మదర్శిని కింద పెట్టి, లేజరు నీలిరంగు వెలుగును మెల్లగా ప్రసరింపజేస్తే, పొర ఆకుపచ్చగా మెరుస్తుంది. అప్పుడు రెప్పపాటు సేపు అదే వెలుగును బలంగా కొట్టాలి. కొట్టిన చోట మెరుపు చచ్చిపోతుంది. పక్కన కాగితం మీద గీత గీసే కలం ధభాలున కిందికి పడుతుంది. ఆ తర్వాత పక్కనున్న మెరిసే కొవ్వులు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఆ చీకట్లోకి వస్తాయి. కలం మెల్లగా పైకెక్కుతుంది. ఎంత వేగంగా ఎక్కితే పొరలో కొవ్వు అంత చురుకుగా కదులుతున్నట్టు. పూర్తిగా ఎక్కకుండా నడుమ ఆగిపోతే, కొన్ని ఎక్కడో ఇరుక్కుపోయి కదలడం లేదన్నట్టు. ఇదీ లెక్క. కలం పైకి ఎక్కే ఆ కాసేపు మొగిలి ఊపిరి బిగబట్టి చూసేవాడు. ఒకప్పుడు అది సంతోషం. ఇప్పుడేమో, చీకట్లోకి వెలుగు నిండిన ప్రతిసారీ అత్త పల్లికాయ చేట పక్కకు జరపడం కళ్ళ ముందు కనబడేది.

ఆ తర్వాత రెండుసార్లు ఊరికి పోయాడు. పోయినప్పుడల్లా చెప్పాలనుకున్నాడు. పోయేసరికి అత్త నలుగురిలో ఉండేది, లేదంటే జొన్నరొట్టె కాలుస్తూ సంతోషంగా ఉండేది. ఆ సంతోషాన్ని ఎందుకు చెడగొట్టడం అని వాయిదా వేశాడు. పైగా రెండోసారి పట్నం నుంచి చల్లటి చుక్కల మందు సీసా ఒకటి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. "గిది ఏసుకో అత్తా, సల్లగ ఉంటది." చుక్కలెందుకు, వెలుగు ఎప్పుడు పెడతావని ఆమె అడిగింది. మిషను ఖరాబైందని చెప్పాడు. మిషను నిజంగానే ఖరాబైంది. నిజం మాటను అబద్ధం పనికి వాడుకోవడం అంటే ఇదే.

ఎనభై ఐదు చలికాలంలో ఒకనాటి పొద్దున, ల్యాబు గేటు దగ్గర లస్మయ్య కూర్చుని ఉన్నాడు. మొగిలిని చూడగానే లేచాడు. ఎదురుగా ఉన్న స్తంభానికి భుజం తగిలింది. లస్మయ్య చూపు కూడా మందగించిందని మొగిలికి అప్పుడు తెలిసింది.

"వదినె కన్ను నిప్పుకణిక లెక్క ఎర్రగైంది మొగిలీ. నొప్పికి నెత్తి గోడకు కొట్టుకుంటాంది. నిరుడు మానుకోటల కండ్ల క్యాంపు పెట్టిన్రు. మా బండ్ల ఎక్కు అంటే ఎక్కలే. మా అల్లుడు ఎలుగు పెడ్తడు, నేనెందుకు కత్తి పెట్టిచ్చుకుంట అన్నది. ఆమె పోలేదని మేం సుత పోలే. ఇగ జెప్పు, ఎప్పుడు పెడ్తవు?"

మొగిలి తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. అప్పటికప్పుడు బస్సెక్కి పోయి, అత్తను జనగామలో కళ్ళ డాక్టరుకు చూపించాడు. పొర ముదిరి పగిలి, కంటిలో ఒత్తిడి పెరిగి, నరం చచ్చిపోయిందని ఆ డాక్టరు చెప్పాడు. నొప్పి తగ్గిస్తాను గానీ చూపు తేలేనన్నాడు. "నిరుడు వచ్చి ఉంటే చిన్న పనయ్యా" అన్నాడు. కుడికంట్లోనూ పొర బాగా ముదిరిందని, వచ్చే వారం ఇక్కడే బడిలో క్యాంపు ఉందని, అప్పుడు తీయించకపోతే అదీ ఇదే దారి పడుతుందని గట్టిగా చెప్పాడు.

ఇంటికి తెచ్చి పడుకోబెట్టాక ఓదెమ్మ గోడవైపు తిరిగి నవ్వింది.

"ఏడ్వకు అల్లుడా. గిది నా కర్మ. అరవై తొమ్మిదిల పోలీసోని ముంగట కండ్లు పోను అని ఒట్టు వెట్టుకుంటి గద. అబద్ధపు ఒట్టు. ఒట్టు ఊకె పోతదా? గది తగిలింది. పోతే పోనీ తియ్. నువ్వు దక్కినవు గంతే సాలు."

మొగిలికి ఆ మాట కత్తిలా దిగింది. దాని వెంటే సిగ్గుమాలిన ఊరట కూడా కలిగింది. అవును, ఈ ఊరట సంగతి దాచి లాభం లేదు. ఆమే తప్పును ఒట్టు మీదికి తోసేసింది. తాను నోరు మూసుకుంటే చాలు, ఎవరూ తనను వేలెత్తి చూపరు. ఒక నిమిషం పాటు మొగిలి ఆ ఊరటను కప్పుకుని కూర్చున్నాడు.

"క్యాంపుకు పోదాం అత్తా. కుడి కన్నన్న దక్కాలె" అన్నాడు.

"కత్తి వద్దు. ఎలుగే పెట్టు."

"నా ఎలుగు గట్ల పనిచెయ్యది అత్తా."

ఆమె లేచి కూర్చుంది. "ఎందుకు పనిచెయ్యది? అందరి ముంగట నువ్వే జెప్పితివి గద, చీకటి పోయి ఎలుగు నిండుతదని. పట్నంల పెద్ద పెద్దోళ్ళకు పెడ్తవు, పల్లెటూరి అత్తకు దాపెడ్తవా? నీకు నామోషీ అయితే ఎవ్వలకు జెప్పను తియ్."

ఎంత చెప్పినా అదే మాట. లేదంటే దాపెడుతున్నావంది, కాదంటే అత్త కదా అని అలుసంది. ఆఖరుకు ఒక పట్టు పట్టింది. తనను ఆ మిషను దగ్గరికి తీసుకుపోవాలి. అక్కడ పనిచెయ్యదని తేలితే అప్పుడు చూద్దాం. క్యాంపుకు ఇంకా మూడు రోజులుంది. మొగిలి సరేనన్నాడు.

ఆదివారం నాడు పెద్ద సారు లేని వేళ చూసి ల్యాబులోకి తీసుకొచ్చాడు. చెప్పులు బయటే విడిచి గుడిలోకి వచ్చినట్టు వచ్చింది. చీకటి గదిలో స్టూలు మీద కూర్చోబెట్టాడు. కాలం చెల్లిన ఫ్యానులా లేజరు రొద చేస్తోంది. తన వేలు పొడుచుకున్న నెత్తుటితో ముందే సిద్ధం చేసిన గాజు పలకను సూక్ష్మదర్శిని కింద పెట్టాడు.

"ఎవ్వల నెత్తురు?"

"నాదే అత్తా."

"అయితే గది మా తమ్ముని నెత్తురే" అని సంతోషపడింది.

లేజరుకు అడ్డం వేసి, చూపుడు గొట్టంలో కేవలం మామూలు దీపం వెలుగు ఉండేట్టు చేసి, ఆమె కుడి కన్నును అక్కడ ఆనించాడు. ఏమీ కనబడటం లేదంది. అయితే విను అన్నాడు. ఆమెను దూరంగా జరిపి, కలం దగ్గర కూర్చోబెట్టి, వెలుగు కొట్టాడు. కలం చర్రున కిందికి పడింది. ఆ తర్వాత గీరుకుంటూ, గీరుకుంటూ పైకెక్కసాగింది.

"గిప్పుడు చీకటైంది అత్తా. మళ్ళ నిండుతాంది, విను."

ఓదెమ్మ చెవి రిక్కించి విన్నది. ముఖం విప్పారింది. "నిండుతాందా? నిజంగనే నిండుతాందా?" అని చేతులు చాచి వాడి ముఖాన్ని దగ్గరికి తీసుకుంది. చిన్నప్పుడు స్నానం పోశాక తడిమినట్టు నుదుటి మచ్చ మీదుగా తడిమింది. ఆ వేళ్ళు కిందికి జారి కళ్ళ దగ్గర ఆగాయి. మందపాటి అద్దాలు, చుట్టూ రబ్బరు పట్టీ.

"గీ అద్దాలేంది? నీకెప్పటి సంది?"

"గది... పని చేసేటప్పుడు పెట్టుకుంటం అత్తా."

"ఎందుకు?"

"ఎలుగు కంట్ల పడకుంట."

"పడితే?"

మొగిలికి ఇంకా దారి ఉంది. ఏదో ఒకటి అనొచ్చు. కళ్ళు మండుతాయనో, నీళ్ళు కారతాయనో. ఆమె వేళ్ళు ఇంకా ఆ రబ్బరు పట్టీ మీదే ఉన్నాయి. ఆ చేతులే పసుపు అద్దాయి, ఆ నోరే ఒట్టు పెట్టింది.

"పడితే కన్ను పోతది అత్తా."

కలం పైకెక్కడం ఆపేసింది. ఓదెమ్మ చేతులు వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

"మరి నువ్వు జెప్పిన పొర ఏ పొర, అల్లుడా?"

"నెత్తుటి కణం సుట్టు ఉండే పొర. కంటికి ఆనది. దానికి, కంటి పొరకు సంబంధం లేదు అత్తా. పేరే ఒకటి."

"సూద్దాం అన్నవు గద."

"అన్న."

"గప్పుడు నీకు తెల్వదా?"

"తెల్సు అత్తా."

"తెల్సి అన్నవా?"

"తెల్సే అన్న. నన్ను కండ్ల డాక్టరనుకుంటాన్నరని తెల్సు. మంచిగనిపిచ్చింది. అందుకే జెప్పలే. నీ కన్ను ఒట్టుతోని పోలేదు అత్తా. నాతోని పోయింది."

పడుతుందనుకున్న దెబ్బ పడలేదు. ఆమె తిట్టి ఉంటే, రెండు గుద్ది ఉంటే, మొగిలి ఆమె కాళ్ళ మీద పడి ఏడ్చి ఉండేవాడు. ఓదెమ్మ గోడ పట్టుకుని లేచింది. తలుపు ఎటు అని అడిగింది. చెయ్యి పట్టుకోబోతే, "నడుస్త" అంది.

బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. మొగిలి సోడా తెచ్చి, "తాగు అత్తా" అన్నాడు.

"నాకు అద్దు సారు. మీరు తాగుండ్రి" అంది.

తప్పుగా విన్నానేమో అనుకున్నాడు. మరోసారి పలకరించాడు. మళ్ళీ మీరు అనే అంది. కోపం గొంతు కాదు. దవాఖానలో కాంపౌండరును, ఆఫీసులో గుమస్తాను పిలిచే మర్యాద గొంతు. పుట్టి బుద్ధెరిగినాక అత్త నోట మీరు అనిపించుకోవడం మొగిలికి అదే మొదలు. జనగామ దాకా సోడా సీసా చేతిలోనే వేడెక్కిపోయింది.

ఊరికి చేరగానే ఓదెమ్మ అరుగు మీద కూర్చుని లస్మయ్యను, ఇంకా ఆ వెలుగు కోసం కాచుకున్న వాళ్ళను పిలిపించింది. మొగిలి స్తంభం చాటున నిలబడి విన్నాడు. అందరి ముందు తన బండారం బయటపెడుతుందనుకున్నాడు. పెట్టినా బాగుండును.

"ఎలుగు గిలుగు ఏం లేదట. గది వేరే పొరట. నేనే తప్పు విన్న. ఎల్లుండి క్యాంపుకు నడువుండ్రి, నేను సుత అస్తాన్న" అంది. అంతే. వాడి పరువు వాడికే దాచిపెట్టి, తప్పును తన చెవుల మీద వేసుకుంది. రెండోసారి కూడా వాణ్ణి అటకెక్కించి కాపాడింది. మొదటిసారి ప్రేమతో, ఈసారి దేనితోనో మొగిలికి తెలియలేదు.

ఆమె విన్నది తప్పు కాదు, తాను చెప్పిందే తప్పని అప్పుడైనా మొగిలి ముందుకొచ్చి ఒప్పుకున్నాడు పాపం. లస్మయ్య అటు తిరిగి తుపుక్కున ఉమ్మి, బీడీ వెలిగించుకున్నాడు. మిగతావాళ్ళు లేచి ఇళ్ళకు పోయారు.

క్యాంపు జరిగిన బడిలో గదులన్నిటా వరసగా మంచాలు వేశారు. పేరు రాసుకునే నర్సు అడిగింది.

"ఎవరమ్మా వెంట వచ్చింది? కొడుకా?"

"కాదు బిడ్డా. పట్నం సారు. జర తెల్సినాయన."

ఆపరేషను బాగా జరిగింది. లస్మయ్యకూ అదే రోజు చేశారు. తలకు రెండు పక్కలా ఇసుక సంచులు పెట్టి కదలొద్దన్నారు. ఆ నాలుగు రోజులూ మొగిలి సెలవు పెట్టి ఆమె మంచం పక్కనే ఉన్నాడు. గంజి తాగించాడు, పక్క మార్చాడు, చెయ్యి పట్టి బయటికి తీసుకుపోయాడు. ఏ పని చేసినా ఆమె కాదనలేదు. "మీకు తక్లీఫు ఇస్తాన్న సారు" అనేది. ఆ మాటకన్నా చెప్పుతో కొట్టినా నయం. ఒకనాడు ఆగలేక, "అత్తా, నన్ను తిట్టరాదే" అని మంచంకోడు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆమె కట్టు కట్టిన కళ్ళతో కప్పువైపే ముఖం పెట్టి పడుకుంది. చెయ్యి మాత్రం కాస్త కదిలింది. దుప్పటి అంచు సర్దుకుంది, అంతే.

కట్టు విప్పి, సోడాబుడ్డి అడుగంత మందపు అద్దాలు పెట్టారు. ఓదెమ్మ కుడికన్ను చికిలించి, నీళ్ళు తుడుచుకుని, మొదట తన చేతుల్ని తిప్పి తిప్పి చూసుకుంది. పక్క మంచం మీది లస్మయ్యను చూసి, "ఓరి నీ పాడుగాను, గింత ముసలోనివైనవా?" అంది. గదంతా నవ్వింది. లస్మయ్య, "నువ్వేమన్న పడుసుపిల్లవా వదినె?" అని నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నాడు.

తర్వాత ఆమె మొగిలి వైపు తిరిగింది. మొగిలి ఊపిరి బిగబట్టాడు. ఎన్నో ఏళ్ళకు వాణ్ణి నిండుగా చూస్తోంది. ముందు వెంట్రుకలు చూసింది, ఆ తర్వాత నుదురు. వేలు లేచి ఆ పాత మచ్చ మీద ఆనింది.

"గిది ఇంక గట్లనే ఉన్నది" అంది.

మొగిలికి గుండె కరిగి నీరైంది. ఆ వేలిని రెండు చేతులా పట్టుకున్నాడు.

"అత్తా... వచ్చే నెల వస్త. నీ దగ్గర్నే ఉంట, మనూళ్ళె, మునుపటి లెక్క. పొద్దంత నీతోనే ముచ్చట వెడ్త. ఉండనిస్తవు గద?"

ఓదెమ్మ వేలిని మెల్లగా వెనక్కి తీసుకుంది. జారిన అద్దాలు సరిచేసుకుని, ఉన్న ఒక్క కన్నుతో వాడి ముఖంలోకి తేరిపార చూసింది.

"సూద్దాం, సారు" అంది.